మతి తప్పినవాడి మాట: సైకోసిస్ చికిత్స, చికిత్సకుల శిక్షణ

మన కథల్లో పిచ్చివాడికి రెండే పాత్రలు. ఒకటి, జనాన్ని నవ్వించడం. రెండు, రచయిత తన నోటితో చెప్పడానికి వెనకాడిన నిజాన్ని వీధిలో నిలబడి అరిచి చెప్పడం. మొదటిది సినిమాలు నేర్పిన అలవాటు. రెండోది అభ్యుదయ సాహిత్యంలో కూడా పాతుకుపోయిన అలవాటు. మొదటిది హీనమైనదనీ, రెండోది ఉదాత్తమైనదనీ మనం అనుకుంటాం. కాని రెండింటిలోనూ ఆ మనిషి జబ్బు కనిపించదు. ఆ జబ్బుతో అతను పడే యాతన కనిపించదు. దానికి వైద్యం ఉందన్న సంగతి అసలే కనిపించదు. మాటతో చికిత్స చేసే మనస్తత్వ నిపుణులు సైకోసిస్ రోగితో ఏం చేస్తారు? ఆ పనిని ఇతరులకు ఎలా నేర్పుతారు? చేవెళ్ల, మొయినాబాద్ వంటి చోట్లకు అది ఎందుకు చేరడం లేదు? ఈ మూడు ప్రశ్నలనూ ఇక్కడ పరిశీలిద్దాం.

తెలుగు నవల మనస్సును పట్టించుకోలేదని కాదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', రావిశాస్త్రి 'అల్పజీవి', నవీన్ 'అంపశయ్య' మన సాహిత్యంలో మనోవిశ్లేషణకు స్థానం కల్పించిన రచనలు. అయితే వాటి కేంద్రం మధ్యతరగతి మనిషి అంతస్సంఘర్షణ, న్యూనతాభావం, భయం. సైకోసిస్ అంతకంటే వేరైనది. అందులో నలుగురూ పంచుకునే వాస్తవంతో మనిషికి ఉన్న బంధమే సడలిపోతుంది. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తాయి, ఇది భ్రాంతి. ఎంత రుజువు చూపినా చెదరని తప్పు నమ్మకం ఏర్పడుతుంది; ఇది భ్రమ. ఆలోచనల వరస తెగిపోయి, మాటకూ మాటకూ పొంతన లేకుండా పోవచ్చు. స్కిజోఫ్రెనియా ఈ కోవలో ముఖ్యమైన జబ్బు. అది తరచు యౌవనంలో, అంటే చదువో పనో పెళ్లో మొదలయ్యే వయసులో మనిషిని పట్టుకుంటుంది.

భ్రమకు పునాది మెదడులో ఉండవచ్చు. దాని ఇతివృత్తం మాత్రం సమాజం నుంచి వస్తుంది. 1919లోనే వియన్నా మనోవిశ్లేషకుడు విక్టర్ టాస్క్, ఏదో యంత్రం దూరం నుంచి తమ మనస్సును నడిపిస్తున్నదని నమ్మే రోగుల గురించి వ్యాసం రాశాడు. యంత్రయుగం రోగి భయంలోకి యంత్రాన్ని తెచ్చిపెట్టింది. ఇవాళ ఆ స్థానంలో సెల్‌ఫోను, సీసీ కెమెరా, డ్రోన్ చేరాయి.

దీన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. హైదరాబాదుకు పడమట బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్, దాన్ని దాటితే చేవెళ్ల. నగరానికి కూరగాయలూ పూలూ పంపే పల్లెలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో ఈ ప్రాంతాల్లోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ కట్టడిని తొలగించింది. ఈ కాలమంతా భూమి చేతులు మారుతూనే ఉంది. చెలక పక్కన ఫాంహౌసు లేచింది. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా కోట్ల తగాదాగా మారింది.

ఇటువంటి ఊళ్లో ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. బ్రోకర్లు తన ఫోనులో కెమెరా పెట్టారని, సంతకం కోసం అన్నే తన అన్నంలో ఏదో కలుపుతున్నాడని అతను నమ్ముతున్నాడు. రాత్రిళ్లు గొంతులు వినిపించి అతన్ని తిడుతున్నాయి. తిండి మానేశాడు. ఇది జబ్బు. కాని ఈ భయంలో ఉన్న బ్రోకరు, సంతకం, అన్న ఆకాశం నుంచి ఊడిపడలేదు. 'అదంతా ఉత్తదిరా' అని ఇంట్లోవాళ్లు వాదిస్తే అతను వాళ్లనూ శత్రువుల జాబితాలో చేరుస్తాడు. 'అవును, నిజమే' అని ఊకొడితే భ్రమ బలపడుతుంది. మాటతో చికిత్స చేసేవాడి పని ఈ రెండింటి మధ్యనున్న ఇరుకు దారిలో నడవడం.

అతను మొదట రోగి నమ్మకం జోలికి పోడు. నిద్ర, తిండి, భయం గురించి అడుగుతాడు. ఈ ఆలోచన మొదట ఎప్పుడు వచ్చింది, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతున్నది, ఎన్ని రాత్రులు నిద్ర లేదు అన్నవి తెలుసుకుంటాడు. నిద్ర లేకపోయినా, అతిగా భయపడినా, ఒంటరిగా మిగిలినా ఎవరికైనా ఇటువంటి అనుభవాలు రావచ్చునని చెబుతాడు. రోగికి కొంత ధైర్యం కలుగుతుంది. తాను మనుషుల జాతిలోనే ఉన్నానని తోస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి సంఘటననూ, దానికి రోగి ఇచ్చుకున్న అర్థాన్నీ, ఆ అర్థం వల్ల కలిగిన భయాన్నీ విడదీస్తారు. ఇంటి ముందు కారు ఆగింది: ఇది సంఘటన. నా కోసమే వచ్చింది: ఇది అర్థం. వేరే అర్థాలు ఉండవచ్చునా? వారం రోజులు ఎన్ని కార్లు ఆగాయో, అందులోంచి ఎవరు దిగారో రాసిపెట్టుకుంటే ఏం తేలుతుంది? పరీక్షించేది రోగే. చికిత్సకుడు తీర్పు చెప్పడు. గొంతుల విషయంలోనూ అంతే. అవి పూర్తిగా ఆగకపోయినా, వాటి ఆజ్ఞను పాటించక తప్పదన్న నమ్మకం సడలితే చాలు, మనిషి పనికి పోగలుగుతాడు.

ఈ పద్ధతి చరిత్రలో ఒక వైరుధ్యం ఉంది. అమెరికాలో ఆరన్ బెక్, తనపై నిఘా ఉందని నమ్మిన ఒక రోగితో ఇలా పనిచేసి మెరుగుపరచిన తీరును 1952లో ప్రచురించాడు. అదే సంవత్సరం పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్‌లు క్లోర్‌ప్రోమజీన్ మందును సైకోసిస్ రోగులకు వాడి ఫలితాలు ప్రకటించారు. మందు ప్రపంచమంతటా వ్యాపించింది; మాట వెనకబడింది. 1990లలో బ్రిటన్‌లో డేవిడ్ కింగ్డన్, డగ్లస్ టర్కింగ్టన్ వంటివారు మాట చికిత్సను తిరిగి ముందుకు తెచ్చారు. 2002లో బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు స్కిజోఫ్రెనియాకు దాన్ని సిఫారసు చేశాయి. ఈలోగా 1987లో నెదర్లాండ్స్‌లో మారియస్ రోమ్ టెలివిజన్ ద్వారా ఇచ్చిన పిలుపుకు, గొంతులు వినిపించేవారు వందలాదిమంది స్పందించారు. వారిలో వైద్యుడి ముఖం చూడకుండానే బతుకు సాగించుకుంటున్నవారు కూడా ఉన్నారు.

దీన్ని మంత్రదండంగా భావించకూడదు. మాట చికిత్స వల్ల కలిగే మేలు పరిమితమైనదేనని 2014లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది; దానిపై వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. చాలామంది రోగులకు మందే ఆధారం. మందు లేకుండా మాటతోనే నయం చేస్తామనేవారిని నమ్మకూడదు. కాని మందు గొంతుల్ని తగ్గించగలదే గాని, పోయిన స్నేహితుణ్ణీ, ఆగిన చదువునూ, అన్న మీద నమ్మకాన్నీ తిరిగి తెచ్చివ్వలేదు.

ఇక్కడ బాణామతి ప్రశ్న వస్తుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి నమ్మకాలు ప్రాణాలు తీశాయి. అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు మనకు తెలుసు. ఆ నమ్మకంతో పోరాడవలసిందే. అయితే బాణామతిని నమ్మే ప్రతివాడూ సైకోసిస్ రోగి కాడు. ఊరంతా పంచుకునే నమ్మకం వేరు, ఊరు కూడా ఒప్పుకోని ఒంటరి నమ్మకం వేరు. బోనాల పండుగలో పూనకం వచ్చిన శివసత్తి, పూనకం దిగాక మళ్లీ తన పనిలోకి పోతుంది. ఆమెది జబ్బు కాదు. ఈ తేడా తెలియని చికిత్సకుడు సంస్కృతినంతా రోగం అంటాడు, లేకపోతే రోగాన్నంతా సంస్కృతి అని వదిలేస్తాడు. మొదటి తప్పు చదువుకున్నవాడి అహంకారం. రెండో తప్పు ఫలితం 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో కనిపించింది. అక్కడి దర్గాను నమ్ముకుని తెచ్చిన రోగులను గొలుసులతో కట్టివుంచిన ఆశ్రమంలో నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది. కాని చట్టం గొలుసును విప్పగలదు. విప్పాక ఆ మనిషితో మాట్లాడేవాణ్ణి చట్టం పుట్టించలేదు.

మాట్లాడేవాణ్ణి తయారుచేయాలి. ఈ విషయం అర్థం కావడానికి ఒక సినిమా ఉపయోగపడుతుంది. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది'లో (బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు, ఇది అంతకు ముందు ఏడాది వచ్చిన బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్' ఆధారంగా తీసింది) సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. రోగిని ప్రేమిస్తున్నట్టు నటించి బాగుచేయమని పెద్ద డాక్టరు ఆమెను నియోగిస్తాడు. రోగి బాగుపడతాడు. నర్సు మతి తప్పి అదే ఆస్పత్రిలో రోగి అవుతుంది. ప్రేక్షకులు దాన్ని త్యాగంగా చూసి కన్నీరు పెట్టుకున్నారు. వైద్య దృష్టితో చూస్తే అది శిక్షణ లేని, పర్యవేక్షణ లేని చికిత్స చేసిన హాని. ఆమె భావాలను చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. కింది ఉద్యోగి మనస్సును మందుగా వాడుకున్న పెద్ద డాక్టరును ప్రశ్నించేవాడూ లేడు.

సైకోసిస్‌లో అనుభవమున్న నిపుణుడు ఇతర చికిత్సకులకు నేర్పేది ముఖ్యంగా ఇదే. పుస్తకంలోని పద్ధతి కొన్ని వారాల్లో వస్తుంది. అసలు శిక్షణ ఆ తర్వాత మొదలవుతుంది. శిక్షణ పొందేవాడు రోగి అనుమతితో సంభాషణను రికార్డు చేసి గురువు ముందు పెడతాడు. ఎక్కడ తొందరపడి వాదించాడో, ఎక్కడ భయపడి మాట మార్చాడో, రోగి మౌనాన్ని ఎక్కడ భరించలేకపోయాడో ఇద్దరూ వింటారు. ఒకరు రోగిగా, ఒకరు చికిత్సకుడిగా నటించి సాధన చేస్తారు. రోగి బతుకంతా కలిపి అతని భయం ఎలా పుట్టిందో, ఏది దాన్ని నిలబెడుతున్నదో రాతలో పెడతారు. ఇదంతా ఏళ్ల తరబడి సాగే పని.

మన దేశంలో ఈ శిక్షణకు పునాది 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పాటుతో పడింది; 1974లో అదే నిమ్‌హాన్స్ అయింది. క్లినికల్ సైకాలజిస్టుల అర్హతలను 1992 చట్టం కింద భారత పునరావాస మండలి నియంత్రిస్తున్నది. కాని శిక్షణ పొందినవారు కొద్దిమంది, ఉన్నవారు నగరాల్లో ఉన్నారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సైకోసిస్ ఉన్నవారిలో నూటికి 75 మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రం ఒక్కటి కూడా లేదు.

చేవెళ్లలో ఒక వైద్య కళాశాల ఉంది. మొయినాబాద్ మండలంలో కూడా ఉంది. అయినా పిచ్చి అనగానే నలభై కిలోమీటర్ల అవతలి ఎర్రగడ్డే జనానికి గుర్తొస్తుంది. అదీ తిట్టుగా. 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి' అనే మాట తెలంగాణలో ఎంత మామూలో అందరికీ తెలుసు. విశాఖ వైపు చినవాల్తేరు పేరు అదే పని చేస్తుంది. ఆస్పత్రి పేరే తిట్టయినచోట, జబ్బు మొదలైన తొలి నెలల్లో, అంటే చికిత్స బాగా పనిచేసే రోజుల్లో, ఎవరు గడప దాటుతారు?

దారి లేకపోలేదు. 1950లలో అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆస్పత్రి ఆవరణలోనే డేరాల్లో ఉంచి, వాళ్లకు జబ్బు గురించి చెప్పి, వైద్యంలో భాగస్వాములను చేశాడు. 1984లో చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ స్థాపించిన స్కార్ఫ్ సంస్థ స్కిజోఫ్రెనియా రోగుల పునరావాసాన్ని తన పనిగా పెట్టుకుంది. తమిళనాడు, గోవా, సతారాల్లో జరిగి 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు నిపుణుల పర్యవేక్షణలో ఇంటికి వెళ్లి సేవ చేస్తే, ఆస్పత్రి వైద్యం ఒక్కటే పొందినవారికంటే రోగులు కొంత ఎక్కువ మెరుగుపడ్డారని తేలింది. అంటే చేవెళ్ల వంటి చోట ప్రతి ఊరికీ ఒక సైకాలజిస్టు అక్కరలేదు. పదిమందికి నేర్పి, వారి వెనక నిలబడగల ఒక్కరు కావాలి. ఆ ఒక్కరిని నియమించి జీతమిచ్చే బాధ్యత ప్రభుత్వానిది.

ఇందులో రచయితకు ఏం పని అని అడగవచ్చు. మాట చికిత్సకు పరికరం భాషే. ఆ శిక్షణ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. రోగి మాత్రం 'రంది', 'మనాది' అంటాడు. 'గాలి సోకింది' అంటాడు. 'దిమాక్ ఖరాబైంది' అంటాడు. రందికీ మనాదికీ ఉన్న తేడా ఏ నిఘంటువు కంటే ఆ పల్లె కథకుడికే బాగా తెలుసు. ఈ మాటల్ని, అవి పలికే సందర్భాలతో సహా, నమోదు చేయడం చికిత్సకులకు నేరుగా పనికొచ్చే సాహిత్య సేవ.

రెండోది పాత్ర చిత్రణ. పిచ్చివాడి నోట విప్లవ సత్యం పలికించినప్పుడు మనం అతనికి గౌరవం ఇచ్చామనుకుంటాం. నిజానికి అతని నోట్లో మన మాట కుక్కుతాం. పైన ఊహించుకున్న యువకుణ్ణి కథగా రాస్తే, భూమి దళారుల దోపిడీకి అతన్ని ప్రతీకగా మార్చడం తేలిక. అప్పుడు అన్నం ముట్టని అతని ఆకలి, తమ్ముడు తనను శత్రువు అన్నరోజు అన్న పడిన బాధ, మందు వేసుకున్నాక వణికే చేతులు కథలోంచి జారిపోతాయి. దోపిడీని రాయాలి, జబ్బునూ రాయాలి. ఒకదాన్ని చెప్పడానికి రెండోదాన్ని వాడుకోకూడదు. చికిత్సకుడు రోగి నమ్మకాన్ని ఒప్పుకోకుండానే, తోసిపుచ్చకుండానే, అది ఎక్కడ మొదలైందని అడుగుతాడు. పిచ్చివాడి పాత్ర రాయడానికి కూర్చున్న రచయిత కూడా కనీసం ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినాలి.