కణం చేసుకునే స్వీయశుద్ధి

కణంలో పాడైన ప్రోటీన్లను, శక్తిని అందించే మైటోకాండ్రియాలలో శిథిలమైనవాటిని రెండు పొరల సంచి ఒకటి చుట్టుముట్టి, జీర్ణక ఎంజైములు నిండిన లైసోసోమ్‌కు చేరవేస్తే, అక్కడ అవి విచ్ఛిన్నమై తిరిగి కణానికే ముడిసరుకుగా అందుతాయి. ఈ ప్రక్రియనే ఆటోఫజీ అంటారు. 1963లో క్రిస్టియన్ డి డ్యూవ్ దీనికి ఆ పేరు పెట్టినా, దీనిని నడిపించే జన్యువులు చాలాకాలం అంతుచిక్కలేదు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి, కొన్ని జీర్ణక ఎంజైములు లేని ఈస్ట్ కణాలను పస్తు ఉంచి సూక్ష్మదర్శినిలో పరిశీలించగా, అరగని సంచులు కొద్ది గంటల్లోనే కణంలో లైసోసోమ్ పాత్ర పోషించే రిక్తికలో కుప్పలుగా చేరి కదలాడుతూ కనిపించాయి. ఆ జన్యువులను వెలికితీసేందుకు దారి చూపిన ఈ ప్రయోగం ఎంత నిరాడంబరమైనదో అంత గొప్పది. ఆయనకు 2016లో నోబెల్ బహుమతి లభించింది.

వయసు పైబడేకొద్దీ అనేక కణజాలాలలో ఈ శుద్ధి మందగిస్తుంది. నాడీకణాలు సాధారణంగా విభజన చెందవు కనుక, వాటిలో పేరుకున్న వ్యర్థం పిల్లకణాలకు పంచబడి పలచబడే అవకాశం లేదు. అల్జీమర్స్, పార్కిన్సన్ వ్యాధులతో ఆటోఫజీ లోపానికి సంబంధం కనిపించడానికి ఇదొక కారణం. ఆటోఫజీకి అవసరమైన ఏటీజీ5 జన్యువు పనిని పెంచిన చిట్టెలుకలు మామూలువాటికంటే ఎక్కువకాలం బతికాయని 2013లో వెల్లడైంది. అయితే పస్తు ఆటోఫజీని ప్రేరేపిస్తుంది కనుక ఉపవాసంతో మనిషి ఆయుష్షు పెరుగుతుందని దీనినిబట్టి ప్రచారం చేయడం తొందరపాటే, ఎందుకంటే అందుకు రుజువు లేదు. పైగా ముదిరిన క్యాన్సర్ కణాలు సైతం పోషకాల కొరతను ఇదే ప్రక్రియతో తట్టుకుంటాయి.