నాలుగు కుకీలు... నాలుగు చెంచాల పంచదార!

బడి నుంచి రాగానే పిల్లలు ‘అమ్మా, ఆకలి!’ అంటారు. డబ్బాలోంచి నాలుగు చాక్లెట్‌ కుకీలు తీసిస్తే ఏ గొడవా ఉండదు. గోధుమపిండి, పాలు, కోకో... అన్నీ మంచివేగా అనిపిస్తుంది. ఇంతకీ వాటిలో ఉన్న బలమెంత?

బజారులో దొరికే చాకోచిప్‌ కుకీలు 100 గ్రాములు తీసుకుంటే దాదాపు 500 కెలోరీలు ఉంటాయి. బరువులో మూడోవంతు పంచదారే. కొవ్వు ఇంచుమించు నాలుగోవంతు. మాంసకృత్తులు 5, 6 గ్రాములు. ఒక్కో కుకీ 12 గ్రాములనుకుంటే నాలుగింటితో 240 కెలోరీలు, 16 గ్రాముల పంచదార... అంటే నాలుగు చెంచాలు ఒంట్లోకి చేరతాయి. మాంసకృత్తులు మాత్రం 3 గ్రాములకు మించవు! అదే ఒక్క ఉడికించిన కోడిగుడ్డులో 75 కెలోరీలకే 6 గ్రాములు దొరుకుతాయి. గుప్పెడు పల్లీల్లోనైతే 7 గ్రాములు.

ఎంతవరకు తినొచ్చు?

రోజూ తీసుకునే కెలోరీల్లో పంచదార వాటా 10 శాతం లోపే ఉండాలనీ, 5 శాతానికి తగ్గిస్తే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అయిదేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1350 కెలోరీలు కావాలి. అందులో 5 శాతమంటే 17 గ్రాముల పంచదార. నాలుగు కుకీలతోనే ఆ కోటా దాదాపు పూర్తయినట్టే. ఇక పాలలో కలిపేది, జామ్‌తో వచ్చేది అదనం!

మరి కోకో మంచిదేగా?

నిజమే. కోకోలోని ఫ్లావనాల్స్‌ రక్తనాళాలకు మేలు చేస్తాయి. అయితే కుకీలో పడే కోకో తక్కువ. పైగా చేదు తగ్గించి, ముదురు రంగు తేవడానికి కోకోను క్షారంతో శుద్ధి చేస్తే ఆ ఫ్లావనాల్స్‌ చాలావరకు పోతాయి.

ప్యాకెట్‌ తిప్పి చూడండి

పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నదే ముందుంటుంది. ‘రిఫైన్డ్‌ వీట్‌ ఫ్లోర్‌’ అంటే మైదా. ‘ఇన్వర్ట్‌ సిరప్‌’, ‘లిక్విడ్‌ గ్లూకోజ్‌’ కూడా పంచదార బాపతే. ఇలా లేబుల్‌ చదివి కొనడం అలవాటు చేసుకోవాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

అలాగని కుకీలు పూర్తిగా మాన్పించక్కర్లేదు. ముందు గుడ్డో, పల్లీలో, పండో పెట్టండి. ఆకలి తీరాక ఎప్పుడైనా ఒక కుకీ ఇవ్వండి. అప్పుడది సరదాగా తినే చిరుతిండే అవుతుంది, అన్నానికి అడ్డం రాదు.