స్కూలు నర్సు: బాధ్యత ఆమెది, అధికారం ఎవరిది? ఒత్తిడిని, విమర్శను తట్టుకునేదెలా?

భిలాయి ఉక్కు కర్మాగారం పక్కనే ఉండే ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీలో చదువుకుంటారు.

అలాంటి బడిలో ఓ పాప నర్సు దగ్గరికొచ్చి ‘ఆంఖే ఘూమ్ రహీ హై’ అందనుకుందాం. తెలుగు తెలియని నర్సు ముందుగా ఆ పాప కళ్లలోకి చూస్తారు. పాప చెప్పాలనుకున్నది ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని. తెలుగు మాటను ఉన్నదున్నట్టు హిందీలో పెట్టింది. ఉదయం ఏమైనా తిన్నావా అన్న ప్రశ్న అడిగేలోపు పాప పడిపోతే, సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులు నిలదీసేది నర్సునే.

ఇంటికి పంపితే ‘ఇంత చిన్నదానికి పని మానుకుని రావాలా’ అంటారు. బడిలోనే ఉంచితే ‘మాకెందుకు చెప్పలేదు’ అంటారు. ఏ నిర్ణయం తీసుకున్నా ఏదో ఒక వైపు నుంచి మాట పడుతుంది. ఈ ఉద్యోగంలో ఒత్తిడి మొదలయ్యేది ఇక్కడే.

ఆసుపత్రి నర్సుకూ స్కూలు నర్సుకూ తేడా ఏమిటి?

ఆసుపత్రి వార్డులో నర్సుకు పక్కన మరో నర్సు, పైన సీనియర్, పిలిస్తే వచ్చే డాక్టర్ ఉంటారు. బడిలో చుట్టూ ఉన్నది ఉపాధ్యాయులు. నర్సు నిర్ణయం సరైనదో కాదో చెప్పగలిగిన వృత్తి సహచరులు అక్కడ ఉండరు. ఆమె పనిని బేరీజు వేసేది వైద్యం చదవని ప్రిన్సిపల్.

అసలు ఈ ఉద్యోగం పుట్టిందే ఇలాంటి ఒంటరి ప్రయోగంగా. 1902 అక్టోబరులో న్యూయార్క్‌లో లీనా రోజర్స్ అనే నర్సును బడుల్లో పనికి పెట్టారు. అప్పటిదాకా గజ్జి, కంటి జబ్బు, పేలు ఉన్న పిల్లలను డాక్టర్లు ఇంటికి పంపేసేవారు. చికిత్స చేసేవారు లేక వాళ్లు వారాల తరబడి బడికి వచ్చేవారు కాదు. రోజర్స్ బడిలోనే మందు వేసి, సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు విషయం చెప్పేవారు. 1902 సెప్టెంబరులో 10,567గా ఉన్న అలాంటి గైర్హాజరీలు ఏడాది తిరిగేసరికి 1,101కి తగ్గాయి. మందుతో పాటు ఇంటికి వెళ్లి చెప్పిన మాట కూడా ఆ పనిలో సగమని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన బడుల్లో ఈ పని ఎవరు చేస్తున్నారు?

సాధారణ ప్రభుత్వ బడుల్లో పూర్తికాల నర్సు అరుదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండే సంచార బృందం ఏడాదికోసారి బడికొచ్చి పిల్లలను పరీక్షించాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ కార్యక్రమాన్ని ‘చిరాయు’ అంటారు. 2020లో ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య పాఠాలు చెప్పే బాధ్యత ఇచ్చారు. మిగిలిన రోజుల్లో జ్వరమైనా దెబ్బ అయినా టీచరే చూసుకోవాలి.

తెలంగాణ గురుకులాల్లో మాత్రం స్టాఫ్ నర్సు పోస్టులున్నాయి. 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో గురుకుల సొసైటీల ఖాళీలూ ఉన్నాయి. అక్కడ పిల్లలు రాత్రీ పగలూ ఉంటారు కాబట్టి నర్సు మీద పడే భారం మరింత ఎక్కువ.

కురుపాం ఏం చెబుతోంది?

2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ రైలు దారిలో పార్వతీపురం ఉంది. ఆ పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం గిరిజన బాలికల గురుకులంలో 2025 అక్టోబరులో వంద మందికి పైగా విద్యార్థినులు పచ్చకామెర్లు, జ్వరాలతో అస్వస్థులయ్యారు. పార్వతీపురం ఆసుపత్రిలో, విశాఖ కేజీహెచ్‌లో చికిత్స అందించారు. ఇద్దరు బాలికలు చనిపోయారు. గిరిజన విద్యాసంస్థల్లో ఏఎన్ఎంలను నియమించాలని ఎప్పటి నుంచో అడుగుతున్న సంఘాలు ఆ డిమాండ్‌ను మళ్లీ ముందుకు తెచ్చాయి.

ఇలాంటి చోట నర్సు ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది విడివిడిగా చూడాలి. కలుషిత నీరు, ఆహారంతో వ్యాపించే హెపటైటిస్-ఎ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 14 నుంచి 28 రోజులు పడుతుంది. అంటే మొదటి పాప కళ్లు పచ్చబడ్డ రోజుకే మరికొందరికి వైరస్ సోకి ఉండొచ్చు. నీటి ట్యాంకు, ఫిల్టరు, మరుగుదొడ్ల పైపులు నర్సు చేతిలో ఉండవు. ఒకే గదిలో ముగ్గురు పిల్లలు ఒకే వారంలో అన్నం సయించడం లేదన్నారని గమనించి, రాసిపెట్టి, పైవారికి చెప్పడం మాత్రం ఆమె చేతిలో ఉంటుంది. అయితే అది జరగాలంటే ముందు ఆ పోస్టులో మనిషి ఉండాలి.

ఒత్తిడి ఎందుకు పెరుగుతుంది?

అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో ఒక నమూనా ప్రతిపాదించారు. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదు. భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ తక్కువగా ఉన్నప్పుడే ఒత్తిడి తీవ్రమవుతుందన్నది దాని సారం. తోటివారి మద్దతు కూడా లేకపోతే పరిస్థితి ఇంకా దిగజారుతుందని తర్వాతి పరిశోధకులు చేర్చారు. స్కూలు నర్సు ఉద్యోగంలో ఈ మూడూ కలిసే అవకాశం ఎక్కువ.

ఇది ముదిరితే వచ్చే ‘బర్నవుట్’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా కాక, పనిచోట అదుపు చేయని ఒత్తిడి ఫలితంగా చూస్తోంది. తీరని అలసట, పని మీద విసుగు, ‘నా వల్ల ఏమీ కావడం లేదు’ అన్న భావన దాని గుర్తులు. కడుపునొప్పి అని వచ్చిన ప్రతి పిల్లా నాటకమాడుతున్నట్టే అనిపించడం మొదలైతే జాగ్రత్తపడాలి.

విమర్శను ఎలా విడదీయాలి?

వచ్చిన మాటనంతా మనసుకు తీసుకోవడమూ, అంతా కొట్టిపారేయడమూ రెండూ నష్టమే. మూడు ప్రశ్నలు వేసుకుంటే దారి దొరుకుతుంది.

మొదటిది: ఇది నేను చేసిన పని గురించేనా? ‘ఫోన్ ఆలస్యంగా చేశారు’ అన్నది నిజమైతే ఒప్పుకుని, ఇకపై ఎంతసేపట్లో ఫోన్ చేయాలో నియమం పెట్టుకోవాలి.

రెండోది: ఇది వ్యవస్థ లోపమా? మందుల్లేవు, వాహనం లేదు, నీళ్లు బాగోలేవు అన్న ఫిర్యాదులకు నర్సు సంజాయిషీ ఇవ్వడం కన్నా, వాటిని తేదీతో సహా లిఖితపూర్వకంగా యాజమాన్యానికి పంపడం మేలు.

మూడోది: ఇది భయంలోంచి వచ్చిన కోపమా? పిల్ల ఒంట్లో బాగోలేదని విన్న తల్లి మొదటి మాట కటువుగానే ఉంటుంది. అక్కడ వాదన పనికిరాదు. ‘మీ పాప ఇప్పుడు ఎలా ఉందో ముందు చెప్తానమ్మా’ అని మొదలుపెట్టి, ఎప్పుడు వచ్చింది, ఏం చూశారు, ఏం చేశారు, ఇంటి దగ్గర ఏం గమనించాలి అన్నవి వరసగా చెబితే సగం వేడి తగ్గుతుంది. బూతులకు, బెదిరింపులకు మాత్రం ఒంటరిగా నిలబడక్కర్లేదు. ప్రిన్సిపల్ సమక్షంలోనే మాట్లాడతానని చెప్పొచ్చు.

ముందే చెప్పడం ఎందుకు ముఖ్యం?

రక్తహీనత నివారణకు ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలకు వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. కొందరికి వికారం, కడుపునొప్పి రావచ్చు. మలం నల్లగా అవుతుంది. ఈ సంగతి ముందే తెలియని ఇంట్లో అది విషప్రయోగంలా కనిపిస్తుంది. ఒకరు వాంతి చేసుకుంటే చూసి భయంతో మరికొందరికీ కళ్లు తిరగడం కూడా జరుగుతుంది. అప్పటికే వాట్సాప్‌లో వార్త పాకి ఉంటుంది.

మాత్ర ఎందుకు, తిన్నాకే ఎందుకు వేసుకోవాలి, ఏమవుతుంది అన్నది ముందురోజే నాలుగు వాక్యాల్లో ఇంటికి పంపితే ఈ గొడవ చాలావరకు రాదు. ఖుర్సీపార్ లాంటి చోట ఆ కాగితం హిందీతో పాటు తెలుగులోనూ ఉండాలి. కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, ఒళ్లు నొప్పులు లాంటి పది తెలుగు మాటలు నర్సు బల్ల మీద రాసి ఉంటే వైద్యానికీ అది సాయమే.

రిజిస్టరే రక్ష

వచ్చిన సమయం, పిల్ల చెప్పిన మాట, జ్వరం ఎంత, ఇచ్చినది ఏమిటి, ఎవరికి ఫోన్ చేశారు అన్న అయిదు వివరాలను అప్పటికప్పుడు రాసుకోవాలి. ఆరోపణ వచ్చినప్పుడు జ్ఞాపకం కన్నా ఈ కాగితమే నమ్మకంగా మాట్లాడుతుంది. ఇంటికి వెళ్లాక కూడా ‘అప్పుడలా చేసి ఉండాల్సిందా’ అని మనసు తొలిచే రాత్రుల్లో నర్సుకు ధైర్యం ఇచ్చేదీ అదే.

దగ్గరలోని ఇతర బడుల నర్సులతో నెలకోసారైనా కూర్చుని కేసులు మాట్లాడుకుంటే ఒంటరితనం తగ్గుతుంది. నిద్ర పట్టకపోవడం, పనికి వెళ్లాలంటేనే భయం వారాల తరబడి సాగితే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇవన్నీ నర్సు చేయగలిగినవి. ఎవరిని ఎప్పుడు ఆసుపత్రికి పంపాలన్న రాతపూర్వక నియమం, ఆ నిర్ణయం తీసుకునే అధికారం, ఆపదలో ఫోన్ ఎత్తే ఒక డాక్టరు — ఈ మూడూ ఇవ్వాల్సింది బడి నడిపేవారు. అవి లేనిచోట నర్సును ఓర్పుగా ఉండమనడం సలహా అనిపించుకోదు.