పాత పంచాంగం పట్టుకున్న వాచీ

గోల్ఫ్ ఆడేవాళ్లు చేతికి పెట్టుకునే జీపీఎస్ వాచీ మీద వినిపించే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: సిగ్నల్ దొరకడం లేదు. ఆట మొదలుపెట్టే చోటైన మొదటి టీ దగ్గర అయిదు నిమిషాలు నిలబడినా, రంధ్రం ఉండే గ్రీన్‌కు ఎంత దూరమో వాచీ చెప్పదు. చెప్పినా ఇరవై గజాలు అటో ఇటో ఉంటుంది. రేడియోకు, సెల్‌ఫోన్‌కు అలవాటుపడిన మనం దీన్ని సిగ్నల్ బలం తగ్గడంగా అర్థం చేసుకుంటాం. చెయ్యి పైకెత్తి చూస్తాం, వాచీని ఆపి మళ్లీ వేస్తాం, చివరికి యంత్రమే చెడిపోయిందంటాం. ఈ నిర్ధారణ చాలాసార్లు తప్పు. జీపీఎస్ సిగ్నల్ ఎక్కడైనా, ఎప్పుడైనా బలహీనమే. వాచీకి ఎక్కువగా కొరవడేది బలం కాదు, సమాచారం. ఏ ఉపగ్రహం ఈ క్షణాన ఆకాశంలో ఎక్కడుందో దానికి తెలియదు. చికిత్స అక్కడినుంచి మొదలుకావాలి.

ఈ సంగతి జీపీఎస్ పుట్టుకలోనే ఉంది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ దాని రేడియో కూతను విన్నారు. దగ్గరకొస్తున్న రైలు కూత హెచ్చు స్థాయిలోను, దూరమవుతున్న రైలు కూత తగ్గు స్థాయిలోను వినిపిస్తుంది కదా, స్పుత్నిక్ కూత కూడా అలాగే మారుతోంది. ఆ మార్పును బట్టి వాళ్లు ఉపగ్రహం దారిని లెక్కగట్టారు. మరుసటి ఏడాది అదే సంస్థలో ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఆ లెక్కను తిరగేశాడు. ఉపగ్రహం దారి ముందే తెలిస్తే, వింటున్నవాడు ఎక్కడున్నాడో తేల్చవచ్చు! అమెరికా నౌకాదళపు ట్రాన్సిట్ వ్యవస్థ ఆ ఆలోచనలోంచి వచ్చింది. ఆ తర్వాత 1973లో జీపీఎస్ పథకం మొదలైంది, 1978లో తొలి ఉపగ్రహం ఎగిరింది. కొలిచే పద్ధతి మారింది. ఇప్పుడు సిగ్నల్ ఉపగ్రహం నుంచి మనదాకా ఎంత దూరం ప్రయాణించిందో దానికి పట్టిన కాలాన్ని బట్టి చూస్తారు. మెక్‌క్లూర్ లెక్కలోని షరతు మాత్రం మారలేదు. ఉపగ్రహం ఎక్కడుందో తెలియనిదే మనమెక్కడున్నామో తెలియదు.

ఇరవై వేల రెండొందల కిలోమీటర్ల ఎత్తునుంచి పదుల వాట్ల శక్తితో బయల్దేరిన తరంగం మన మణికట్టు చేరేసరికి ఒక వాట్‌లో వంద కోటి కోట్లవ వంతుకు పడిపోతుంది. చుట్టూ సహజంగా ఉండే రేడియో రొద దానికంటే ఎక్కువ. ఆ రొదలోంచి సిగ్నల్‌ను వెలికితీయడానికి వాచీ, ప్రతి ఉపగ్రహానికీ కేటాయించిన 1,023 ఒకట్ల-సున్నాల వరుసను తనలో తయారుచేసుకుని, వస్తున్నదాని పక్కన పెట్టి, జరుపుతూ జరుపుతూ పోల్చుకుంటుంది. తలమీద ఏ ఉపగ్రహాలున్నాయో ముందే తెలిస్తే ఇది క్షణాల పని. తెలియకపోతే అన్నిటినీ వెతకాలి. ఆ వివరం చెప్పే పంచాంగాన్ని ఉపగ్రహాలే ప్రసారం చేస్తాయి, అదీ సెకనుకు 50 బిట్ల నత్తనడకతో. అన్ని ఉపగ్రహాల స్థూల గతులూ చెప్పే ఆల్మనాక్ పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఒక్కో ఉపగ్రహం తన సూక్ష్మ గతిని చెప్పే ఎఫెమెరిస్‌ను 30 సెకన్లకోసారి పంపుతుంది, కానీ అది చెల్లేది సుమారు నాలుగు గంటలే. వారం రోజులు సొరుగులో పడుకున్న వాచీ, హైదరాబాద్‌లో ఆపి దుబాయ్‌లో వేసిన వాచీ, పోయినేటి పంచాంగంలో ఇవాళ్టి తిథిని వెతుకుతున్నాయన్నమాట. అందుకే ఆటకు ముందు వాచీని ఫోన్‌తో ఒకసారి కలపాలి. రాబోయే కొన్ని రోజుల గతులను చాలా వాచీలు ఫోన్ ద్వారా దించుకుంటాయి. ఆ వీలు లేకపోతే ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా కొన్ని నిమిషాలు ఉంచాలి. నడుస్తూ చెట్టు కిందికి వెళ్తే వింటున్న వాక్యం మధ్యలో తెగుతుంది, తెగిన ముక్క కోసం మరో 30 సెకన్లు ఆగాలి.

జేబులో ఫోన్ రెండు సెకన్లలో స్థానం చెబుతుంటే వాచీ ఎందుకు చెప్పలేదని అడగవచ్చు. ఫోన్ ఆ గతులను ఆకాశంనుంచి వినడం లేదు, మొబైల్ నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుంటోంది. అదే సాయం దొరికిన వాచీ కూడా త్వరగానే చెబుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే బాగైంది కాబట్టి లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉందనే వాదన ఇంకొంచెం గట్టిది. దానిలో నిజం ఉంది. జీపీఎస్ తన పాత సందేశంలో వారాలను 10 బిట్లతో లెక్కపెడుతుంది. 1,024 వారాలకు లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా వచ్చింది. ఆ మలుపును సరిగా అర్థం చేసుకోని సాఫ్ట్‌వేర్ ఉన్న పరికరానికి ఇరవయ్యేళ్లనాటి తేదీ కనిపిస్తుంది, తేదీ తప్పితే గతులన్నీ తప్పుతాయి. దానికి మందు అప్‌డేట్. రీసెట్ మాత్రం దాచుకున్న మంచి పంచాంగాన్ని కూడా చెరిపేస్తుంది. ఆట మొదలయ్యే వేళ టీ దగ్గర నిలబడి చేయదగ్గ పని కాదది.

అడ్డంకులు లేవని నా వాదన కాదు, వాటి వంతు తర్వాత వస్తుందని. తడిసిన ఆకులు ఈ తరంగాలను పీల్చుకుంటాయి, ఆడేవాడి ఒళ్లే సగం ఆకాశాన్ని మూస్తుంది, గోల్ఫ్ కార్ట్ పైకప్పు, క్లబ్‌హౌస్ గోడ తరంగాన్ని తిప్పికొట్టి దారిని పొడవు చేస్తాయి. కాంతి వేగంతో పోయే తరంగానికి సెకనులో వంద కోట్లవ వంతు ఆలస్యమంటే 30 సెంటీమీటర్ల తప్పు. ఈ చిన్న తప్పులు నేడు మనకు కనబడుతున్నాయంటే పెద్ద తప్పు తొలగినందువల్లే. 2000 మే నెల మొదట్లో ఆపేసేవరకు అమెరికా ప్రభుత్వం పౌరుల సిగ్నల్‌ను కావాలని చెడగొట్టేది, తప్పు వంద మీటర్ల దాకా పోయేది. 1999లో కాసియో తొలి జీపీఎస్ చేతివాచీని తెచ్చినా, పక్కపక్క క్లబ్బులతో కొట్టే దూరాల మధ్య తేడా పది పదిహేను గజాలే ఉండే ఆటలో దాని అంకెను నమ్మడం కష్టం. ఆ ముసుగు తీశాకే గోల్ఫ్‌కు ఈ యంత్రం పనికొచ్చింది. స్థానిక నిబంధన పెడితే దూరం కొలిచే పరికరాలు వాడవచ్చని 2006లోను, నిషేధించకపోతే ఎక్కడైనా వాడవచ్చని 2019లోను ఆట చట్టాలు ఒప్పుకున్నాయి.

ఇక రెండు పౌనఃపున్యాల మీద వినే ఖరీదైన వాచీ కొంటే ఈ బాధ ఉండదా? పై వాతావరణంలోని విద్యుదావేశం కలిగించే ఆలస్యాన్ని అది కొలిచి తీసేయగలదు. అయస్కాంత మధ్యరేఖ దక్షిణాది కొసమీదుగా పోతున్నందువల్ల ఆ ఆలస్యం మన ఆకాశంలో ఎక్కువ, కాబట్టి ఇక్కడ ఆ లాభం నిజమైనదే. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం, మన దేశపు సొంత స్థాననిర్దేశ వ్యవస్థ నావిక్ సిగ్నల్‌ను చిన్న పరికరాలు సులువుగా వినగల ఎల్1 పౌనఃపున్యం మీద కూడా పంపుతోంది; వాచీకి వినడానికి మరో గొంతు దొరికినట్టే. కానీ పాత పంచాంగం రెండు పౌనఃపున్యాల మీద విన్నా పాతదే.

అన్నీ సరిచూశాక కూడా ఒకే రంధ్రం దగ్గర దూరం తప్పుతుంటే, ఆ గ్రీన్ నడిమధ్యకు నడిచి వాచీని చూడాలి. మధ్యకు దూరం సున్నా దగ్గర, అయిదారు గజాల లోపు చూపాలి. మిగతా గ్రీన్‌ల మీద అలాగే చూపి ఇక్కడ మాత్రం ఇరవై చూపిస్తే, వాచీకి తానెక్కడుందో సరిగ్గానే తెలుసు. గ్రీన్‌ను తవ్వి పక్కకు జరిపిన సంగతి దానిలోని మ్యాప్ గీసినవాళ్లకు ఇంకా తెలియదు.