నడుము నొప్పి: సహనమెప్పుడు? శస్త్రచికిత్స ఎప్పుడు?

మస్జిదు చివరి వరుసలో గోడవారగా వేసిన కుర్చీలను గమనించండి. వాటిలో కూర్చునేవారంతా వృద్ధులు కారు. నలభై ఏళ్లవారూ ఉంటారు. ఇక మన ఇళ్లలో ఎందరో తల్లులు సజ్దా నుంచి లేచేటప్పుడు మంచం కోడును ఆసరాగా పట్టుకుంటారు. అడిగితే “సబ్ర్ చేస్తున్నాను” అంటారు. సహనం గొప్ప గుణమే. కాని వ్యాధిని దాచిపెట్టడం సహనం కాదు. అలాగే స్కానింగు రిపోర్టు చూసి బెదిరి, హజ్ యాత్రకు కూడబెట్టిన సొమ్మును అవసరం లేని ఆపరేషనుకు వెచ్చించడం వివేకమూ కాదు. ఈ రెండింటి నడుమ ఉన్న దారిని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు ఉంటాయి. దాదాపు ప్రతి రెండు పూసల మధ్య మెత్తని డిస్కు ఉంటుంది. డిస్కు జారి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకుతుంది. దీనినే సయాటికా అంటారు. మెడలో అయితే నొప్పి చేతిలోకి దిగుతుంది. కాని అధిక శాతం నొప్పులు కండరాలు, కీళ్లు పట్టేయడం వల్ల వచ్చేవే. అవి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. జారిన డిస్కు కూడా చాలామందిలో క్రమంగా తనంతట తానే కుంచించుకుపోతుంది.

కనుక తొలి చికిత్స కదలికే. రోజుల తరబడి మంచానికి అతుక్కుపోతే కండరాలు బలహీనపడతాయి. నెమ్మదిగా నడవాలి, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు విడువకుండా చేయాలి. బీడీలు చుట్టేవారు, కుట్టు మిషను ముందు కూర్చునేవారు అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

నొప్పి మాత్రలను వైద్యుని సలహాతో, కొద్దిరోజులే వాడాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి జీర్ణాశయంలో పుండ్లు కలిగించగలవు. మూత్రపిండాలకు హాని చేయగలవు. రమజాన్‌లో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ముప్పు మరింత పెరుగుతుంది. వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షను కాలి నొప్పికి కొంతకాలం ఉపశమనమిస్తుంది. కాని మధుమేహ రోగుల్లో కొన్నిరోజులపాటు చక్కెర పెరగవచ్చు.

హిజామా దైవప్రవక్త (స) చేయించుకున్న చికిత్స. పరిశుభ్రమైన పరికరాలతో, అనుభవజ్ఞుల చేత చేయించుకుంటే కొందరికి ఊరట కలగవచ్చు. అయితే నరంపై పడిన ఒత్తిడిని అది తొలగించలేదు. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. క్షౌరశాలల్లో మెడను విసురుగా తిప్పించుకోవడం మాత్రం మానుకోండి. మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

మరి శస్త్రచికిత్స ఎవరికి? రిపోర్టులో “డిస్కు ఉబ్బింది” అని ఉన్నంత మాత్రాన అవసరం లేదు. ఏ నొప్పీ లేనివారి స్కానింగులోనూ అలాంటి మార్పులు విరివిగా కనిపిస్తాయి. కాలి నొప్పి, పరీక్షలో తేలిన నరాల లక్షణాలు, స్కానింగు మూడూ ఒకే చోటును చూపాలి. 6 నుంచి 12 వారాల చికిత్సకూ తగ్గని సయాటికాలో, నరాన్ని నొక్కే డిస్కు ముక్కను తొలగించే ఆపరేషను ఉపకరిస్తుంది. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు 283 మంది సయాటికా రోగులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. వెంటనే ఆపరేషను చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. కాని ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. వేచి చూసినవారిలో 39 శాతం మందికి తర్వాత ఆపరేషను తప్పలేదు. అంటే చాలామంది విషయంలో తొందరా తప్పనిసరి కాదు, ఆపరేషనూ భయపడవలసినది కాదు.

వృద్ధుల్లో నరాల దారి ఇరుకైతే కొంతదూరం నడవగానే కాళ్లు లాగుతాయి, కూర్చుంటే తగ్గుతాయి. ఇది వేధిస్తుంటే దారిని వెడల్పు చేసే ఆపరేషను మేలు చేయవచ్చు. కాలికి పాకని ఉత్త నడుము నొప్పికి స్క్రూలు బిగించి పూసలను అతికించే ముందు మాత్రం మరొక నిపుణుని అభిప్రాయం తప్పక తీసుకోండి.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే వేచి ఉండరాదు. మూత్రం ఆగిపోవడం లేదా మలమూత్రాలపై అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం – వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే నరాల నష్టం శాశ్వతం కావచ్చు. సిగ్గుతో ఇవి చెప్పలేని స్త్రీలను ఇంటివారే అడగాలి. మెడ నొప్పితో బొత్తాలు పెట్టుకోలేకపోవడం, నడక తడబడటం వెన్నుపాముపై ఒత్తిడికి సూచన. నిపుణుణ్ణి త్వరగా కలవాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడంతో కూడిన నడుము నొప్పి వెన్ను క్షయ కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిస్తారు.

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగారు. నిలబడి చేయమని, అది సాధ్యం కాకుంటే కూర్చుని, అదీ కాకుంటే పక్కకు ఒత్తిగిలి చేయమని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. అల్లాహ్ ప్రసాదించిన ఈ వెసులుబాటును సంకోచం లేకుండా స్వీకరించాలి. కుర్చీపై నమాజు నియమాలను ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు.

ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత మీ అమ్మగారి పక్కన కూర్చుని, నొప్పి ఎక్కడుందో, ఎక్కడిదాకా పాకుతోందో అడగండి. ఆమె దాచుకున్న జవాబు ఆమె నడకను కాపాడవచ్చు. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.