రసీదు చూడక ఫోను మూయరాదు

పూర్వము దరఖాస్తును తపాలాలో వేసి, రసీదును కొంగున ముడివేసికొనెడివారము. నేఁడు పిల్లల పరీక్షకైనను, గ్యాసు బండకైనను మొబైలు యాప్‌లోనే వివరములు నింపుచున్నాము. రసీదు మాట మఱచుచున్నాము.

మేమును అట్లే మోసపోతిమి. మా యమ్మాయి ప్రవేశపరీక్షకు వివరములు నింపి, 'సమర్పించు' మీట నొక్కితిమి. తెరపైఁ జక్రము తిరుగుచుండఁగనే పని యైనదని తలఁచి ఫోను మూసితిమి. గడువునాఁటి సాయంకాలము చూడఁగా దరఖాస్తు చేరనే లేదు! పిల్ల కన్నీరు చూడలేకపోతిమి. మరల నింపి, దరఖాస్తు సంఖ్య కనఁబడినదాఁక మాకు మెతుకు మ్రింగుడుపడలేదు.

ఇందలి మర్మ మిది. మనము వ్రాసిన వివరములను యాప్ మూటగట్టి, సర్వరనెడి దూరపు యంత్రమునకుఁ బంపును. అది పరిశీలించి, మూఁడంకెల సంఖ్యతోఁ గూడిన జవాబిచ్చును. సాధారణముగా 200 అనిన కోరిక నెరవేరినది. 400 అనిన మనము పంపినదానియందు లోపము. 500 అనిన సర్వరునందే లోపము. మంచి యాప్ ఆ యంకెలను మాటలుగా మార్చి, ఏ గడి తప్పో చూపును.

నెట్‌వర్కు నడుమఁ దెగినచో జవాబే రాదు. మన మూట చేరలేదో, చేరిన పిమ్మట జవాబే దారిలోఁ దప్పిపోయినదో తెలియదు. కావున వెంటనే మరల నొక్కరాదు; రుసుము రెండుమార్లు పోవచ్చును. ముందుగా యాప్‌లోని మన పాత దరఖాస్తుల పట్టికను, బ్యాంకు సందేశమును చూడవలెను. రెంటను లేకున్ననే మరల పంపవలెను.

మీట నొక్కుట పంపుట మాత్రమే. జవాబు చదువుటయే ముగింపు. సంఖ్య కనఁబడిన వెంటనే తెరను ఫొటోగా దాఁచుకొని, పద్దుపుస్తకమున వ్రాసికొనుఁడు. అదియే నేఁటి కొంగుముడి.