ఊరి పద్దు... చూసేదెవరు?

నెలాఖరు. రాత్రి భోజనాలయ్యాక ఇల్లాలు పాల లెక్క, కిరాణా చిట్టీ, కరెంటు బిల్లు ముందేసుకుని కూర్చుంటుంది. వంద రూపాయలు తేడా వచ్చిందా... అది తేలేదాకా నిద్రపట్టదు. ‘మొన్న ఆటోకి ఇచ్చావు కదమ్మా’ అని అత్తగారు గుర్తుచేశాకగానీ మనసు కుదుటపడదు. అదే ఇల్లు ఏటా ఇంటిపన్ను కడుతుంది. కుళాయి పన్ను కడుతుంది. రసీదు తెచ్చి బీరువాలో దాచుకుంటుంది. ఆ తర్వాత ఆ డబ్బు ఏమైందో మాత్రం... అడగదు!

మరి ఆ లెక్క ఎవరు చూస్తారు? పెద్ద నగరాలకైతే అందుకో కమిటీ ఉంటుంది. కడప జిల్లా ముద్దనూరులాంటి ఊరికి? ఉంది. కాకపోతే తాము అందులో సభ్యులమన్న సంగతే చాలామందికి తెలియదు.

నగరానికి కొందరు... ఊరికి అందరూ

కడపది నగరపాలక సంస్థ. అక్కడ కమిషనర్ తయారుచేసిన బడ్జెట్టు ముందు స్థాయీ సంఘానికి వెళ్తుంది. కార్పొరేటర్లు తమలోంచి ఎన్నుకున్న కొద్దిమంది అందులో ఉంటారు. వాళ్లు చూశాకే పాలకమండలి ముందుకు వస్తుంది. 1915లోనే పురపాలక సంఘమైన ప్రొద్దుటూరు సంగతి వేరు. అక్కడా, పులివెందుల, జమ్మలమడుగుల్లోనూ 1965 నాటి పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్టును ఆమోదించాల్సింది కౌన్సిలు.

ముద్దనూరు పట్టణమూ కాదు, మరీ పల్లే కాదు. గుంతకల్లు-రేణిగుంట రైలుమార్గంలో స్టేషనున్న ఊరు. జమ్మలమడుగుకీ పులివెందులకీ దారులు చీలే చోటు. పాలన మాత్రం పంచాయతీది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇలాంటి ఊళ్లకి ఒక గొప్ప హక్కు ఇచ్చింది. అదే గ్రామసభ. ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, వచ్చే ఏడాది చేయాల్సిన పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు... అన్నీ అక్కడ పెట్టాలి. దానిలో సభ్యులెవరంటే, ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ! నగరంలో లక్షలమంది తరఫున కొందరు చూసే పద్దు, ఊళ్లో అందరూ చూడొచ్చన్నమాట.

కరణం పోయె... ఆడిటరొచ్చె

ఒకప్పుడు ఊరి లెక్కంటే కరణంగారి దస్తరమే. దత్తమండలాలకు థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న రోజుల్లో (1800-07) శిస్తు లెక్కలకీ అదే ఆధారం. కరణం రాసిందే రాత, చదివి వినిపించిందే లెక్క. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దుచేసింది. 1989లో రాష్ట్ర ఆడిట్ చట్టం వచ్చింది. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా ఆ శాఖవాళ్లు వచ్చి పద్దులు తనిఖీ చేయాల్సిందే.

వాళ్లు చూసేవేంటి? నగదు పుస్తకంలో రాసినదానికీ బ్యాంకు, ఖజానా లెక్కకీ పొంతన ఉందా? రసీదు పుస్తకాలన్నీ ఉన్నాయా, మధ్యలో ఒకటి మాయమైందా? సిమెంటు రోడ్డు వేశామంటే కొలతల పుస్తకం ఏం చెబుతోంది? పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, బకాయి ఎంత? తేడా కనిపిస్తే అభ్యంతరం రాస్తారు. జవాబు సంతృప్తిగా లేకపోతే, నష్టానికి కారకులైనవారి నుంచే ఆ సొమ్ము రాబట్టే ఏర్పాటూ చట్టంలో ఉంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆడిటరు వచ్చేది డబ్బు ఖర్చయిపోయాక. ఆయన చూసేది కాగితాన్ని. కాగితంమీద వెలుగుతున్న వీధిదీపం నిజంగా వెలుగుతోందో లేదో తెలిసేది... ఆ దీపం కింద నడిచేవాళ్లకే!

దీపం పక్కనే చీకటి

పంచాయతీకి సొంత రాబడితోపాటు కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ వస్తాయి. వాటిని ఇష్టమొచ్చినట్టు వాడే వీల్లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు. ఆడిట్ అయిన లెక్కల్ని ఆన్‌లైన్లో పెట్టాలన్న షరతూ అప్పుడే పెట్టారు.

అయినా ఖాతాలో పడిన డబ్బు చేతిలో ఉన్నట్టు కాదని 2021లో ఆంధ్రప్రదేశ్ సర్పంచులకు తెలిసొచ్చింది. ఆర్థిక సంఘం నిధుల్ని పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దేశారంటూ వాళ్లు ఆందోళనకు దిగారు. వీధిదీపాలకూ నీళ్ల మోటార్లకూ వాడుకున్న కరెంటుకు డబ్బు కట్టక తప్పదు, నిజమే. కానీ ఎంత బకాయి, ఏ ఏటిది, ఎవరి తీర్మానంతో కట్టారన్నది ఊరికి తెలియాలి కదా! ముద్దనూరువాళ్లకు ఇది మరీ చిత్రంగా తోచే సంగతి. ఆ పక్కనే కలమల్లలో రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. సామర్థ్యం 1,650 మెగావాట్లు. అంత వెలుగు పుట్టే చోటయినా, ఊళ్లో దీపం వెలగాలంటే బిల్లు కట్టాలి. బిల్లు కట్టాలంటే పద్దు సరిగా ఉండాలి.

వడ్డీ మురిపెం

లెక్క అడగకపోతే ఏమవుతుందో సంపన్న దేశాలకూ అనుభవమే. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ అని ఓ ధనిక ప్రాంతం. దాని కోశాధికారి రాబర్ట్ సిట్రన్ ప్రజల సొమ్ముకు తోడు అప్పులూ తెచ్చి, వడ్డీరేట్లు పెరగవన్న ధీమాతో పెట్టుబడులు పెట్టాడు. ఏటా మంచి రాబడి చూపిస్తుంటే ఎవరూ ప్రశ్నించలేదు. 1994 ఎన్నికల్లో ఆయనపై పోటీచేసిన జాన్ మూర్లాక్ అనే అకౌంటెంటు ‘ఇది ప్రమాదం’ అని హెచ్చరిస్తే జనం ఆయన్నే ఓడించారు. ఆ ఏడాది వడ్డీరేట్లు పెరిగాయి. డిసెంబరుకల్లా దాదాపు 160 కోట్ల డాలర్ల నష్టంతో కౌంటీ దివాలా తీసింది. ఆ దెబ్బతోనే ఆ రాష్ట్రంలో కౌంటీ ఖజానాలమీద పర్యవేక్షక కమిటీలు వేయాలని చట్టం తెచ్చారు.

మన నగరాలూ మార్కెట్లో అప్పు తెచ్చుకుంటున్నాయి. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ నగరపాలక సంస్థ 8.9 శాతం వడ్డీకి బాండ్లమీద రూ.200 కోట్లు సమీకరించింది. అప్పిచ్చేవాడు ముందడిగేది ఆడిట్ అయిన లెక్కల్నే. పన్ను కట్టేవాళ్లమూ అలా అడిగితే తప్పేంటి?

నలుగురిలో చదివితే...

అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైంది మన పక్కనున్న అనంతపురం జిల్లాలోనే. తొలి విడతలో కడపా ఉంది. ఆ పథకంతోనే ‘సామాజిక తనిఖీ’ వచ్చింది. శిక్షణ పొందిన యువతీయువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. ‘పెద్దమ్మా, నువ్వు ఆరు రోజులు పనిచేసినట్టు రాశారు. నిజమేనా?’ అని అడిగేవారు. తేలిన తేడాల్ని గ్రామసభలో, ఆపైన మండల కేంద్రంలో అధికారుల ఎదుటే చదివేవారు. అక్షరం రానివాళ్లు కూడా తమ లెక్క తాము ఒప్పజెప్పారు. ఈ పనికోసం 2009లో ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేశారు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి పనులమీద తీర్మానాలు చేశారు. అంటే కుర్చీలు వేసి పిలిస్తే సభలు జరుగుతాయి. కానీ పద్దు చదివేదాకా లేవకుండా కూర్చునేది ఎంతమందన్నదే అసలు ప్రశ్న.

అడగండిలా!

* గ్రామసభ తేదీని ముందే చాటింపు వేయించమనండి. ఆడిట్ నివేదికను పైకి చదవమనండి.

* అయిదే ప్రశ్నలు: ఎంత వచ్చింది? ఎంత ఖర్చయింది? దేనికి? బకాయిలెన్ని? ఆడిట్ అభ్యంతరాలకు ఏం జవాబిచ్చారు?

* ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్లో పంచాయతీ పేరు కొడితే జమాఖర్చులు కనిపిస్తాయి. కాలేజీకెళ్లే పిల్లలుంటే చూసిపెడతారు.

* సమాచార హక్కు కింద దరఖాస్తు చేయొచ్చు. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలస్థాయిలో అయిదు రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి.

ఇంటి లెక్కలో వంద తేడా వస్తే నిద్రపోని ఇల్లాలికి ఇదేమంత కష్టం కాదు. ఈసారి గ్రామసభకు బీరువాలోని ఆ పన్ను రసీదు కూడా కొంగున ముడేసుకుని వెళ్తే సరి. కమిటీ సభ్యురాలినని చెప్పడానికి అంతకన్నా గుర్తింపుకార్డు ఏముంటుంది!